కుముద గారూ, నమస్కారం

దొండకాయలు తరుగుతూ పైడమ్మ వేలు కోసుకుంది. పెద్ద గాయమేమీ కాదు గానీ, కత్తిపీటకి కొత్తగా సాన పట్టించడంతో రక్తం బాగానే వచ్చింది. కోడలు ఝాన్సీ పసుపు అద్ది, పైన పట్టీ చుట్టి, "ఇంక వంటింట్లోకి రాకత్తా, నేను చూసుకుంటాను" అని పంపేసింది. ఆదివారం పూట ఊరికే కూర్చోవడం పైడమ్మకి చేతకాదు. హాల్లో గోడకి బిగించిన టాబ్లెట్ దగ్గరికి వెళ్లి, భజన పాటలు పెట్టుకుందామని తెర మీద వేలు ఆనించింది.

"కుముద గారూ, నమస్కారం" అంది టాబ్లెట్.

పైడమ్మ వెనక్కి తిరిగి చూసింది. హాల్లో ఇంకెవరూ లేరు.

"ఒలమ్మీ ఝాన్సీ, ఇదేటిది, నన్ను పట్టుకుని కుముద గారంటంది? ఆవిడెవర్తి?"

ఝాన్సీ నవ్వుతూనే వచ్చింది. తను కూడా వేలు పెట్టి చూసింది. "ఝాన్సీ గారూ, నమస్కారం" అని, ఆమె పొద్దున చదువుతూ వదిలేసిన వార్తని తెరిచింది. అత్తని మళ్లీ ముట్టుకోమంది. మళ్లీ కుముదే వచ్చింది. ఈసారి ఝాన్సీకి నవ్వు రాలేదు.

విశాఖపట్నంలో కొండ మీద ఉన్న ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఆమె పనిచేస్తుంది. వాళ్లు తయారుచేసే సరంజామా పేరు బహుముఖి. ఆప్‌ని ఒక్కసారి రాస్తే చాలు, ఫోనులో, వాచీలో, టీవీలో, కారులో, చివరికి బస్సులో టికెట్ కొట్టే మిషన్‌లో కూడా అదే నడిచేలా చూసుకుంటుంది బహుముఖి. ఎక్కడెక్కడి కంపెనీలూ తమ ఆప్‌లు దాని మీదే కడుతున్నాయి. అందులో తప్పులు పట్టుకోవడం ఝాన్సీ ఉద్యోగం.

రాబోయే వెర్షన్‌లో చిన్నా చితకా మార్పులు చాలానే ఉన్నా, అందరూ ఎదురుచూస్తున్నది మాత్రం ఆనవాలు అనే ఒక్క సదుపాయం కోసమే. ఇంతకాలం ఆప్‌కి ఫోను తెలుసు, మనిషి తెలీదు. ఆనవాలు మనిషిని గుర్తుపడుతుంది. వేలు ఎంత గట్టిగా నొక్కుతుంది, ఎంతసేపు ఆగుతుంది, ఎటు జారుతుంది అన్నదాన్ని బట్టి ఇది ఫలానావాళ్ల చెయ్యి అని పోల్చుకుంటుంది. పాస్‌వర్డ్ అక్కర్లేదు, పేరు చెప్పక్కర్లేదు. పక్కింటివాళ్ల ఫోను తీసుకుని ముట్టుకున్నా అది ఆ క్షణానికి మీ ఫోనైపోతుంది. పరీక్ష కోసం టీములో వాళ్ల ఇళ్లలోనే ముందుగా పెట్టారు. ఆ ఇళ్లవాళ్ల చేతులు తప్ప దానికి ఇంకెవరి చేతులూ తెలియవు.

టీములో గానీ, వాళ్ల ఇళ్లలో గానీ కుముద అనే మనిషి లేదు.

సోమవారం ల్యాబ్‌లో ఝాన్సీ ఫస్ట్ ఎయిడ్ పెట్టెలోంచి రబ్బరు తొడుగు తీసి చేతికి వేసుకుంది. తెర ముట్టుకుంది. కుముద. తొడుగు తీసేసి ఎడమచేతి చిటికెన వేలుతో ముట్టుకుంది. కుముద. అంటే తనకి తెలిసిన చేతుల్లో ఏదీ కానప్పుడు బహుముఖి మరో చేతితో పోల్చి చూస్తోంది. ఆ చెయ్యి టీములో ఎవరూ పెట్టింది కాదు. బహుముఖి లోపలే, పునాదిలో ఉంది.

ఆ పునాది వేసినవాడు ఫణీంద్ర. ఆనవాలు పూర్తిగా ఆయన ఊహే. నెమ్మదైన మనిషి, ఎవర్నీ 'మీరు' అని తప్ప పిలవడు. ఆయన భార్య యారాడ తీరానికి వెళ్లి తిరిగి రాలేదని, సముద్రం మింగేసిందని, శవం కూడా దొరకలేదని ఆఫీసులో చెప్పుకుంటారు. ఝాన్సీ ఈ కంపెనీలో చేరక ముందు మాట అది. ఆయన్ని చూస్తే అందరికీ జాలి.

"సార్, కుముద ఎవరు?" అని అడిగింది ఝాన్సీ.

ఫణీంద్ర కాఫీ కప్పు బల్ల మీద పెట్టాడు. చెయ్యి మాత్రం కప్పు మీదే ఉండిపోయింది.

"ఆ పేరు ఎక్కడ చూశారు?"

"మా ఇంట్లో సార్. మా అత్త వేలికి దెబ్బ తగిలింది. ఆ వేలుతో ముట్టుకుంటే..."

"మీ అత్తగారి వయసెంత?"

"డెబ్బైకి దగ్గర్లో ఉంటుంది."

"ఆ సమయంలో ఇంట్లో ఇంకెవరైనా ఉన్నారా? పనమ్మాయి గానీ, చుట్టాలు గానీ, కొత్తగా అద్దెకొచ్చినవాళ్లు గానీ?"

"ఎవరూ లేరు సార్."

ఫణీంద్ర కుర్చీలో వెనక్కి వాలాడు. "నమూనా కోసం పెట్టుకున్న పేరండీ. నోటికేదొస్తే అది పెట్టాను. తీసేస్తాను."

మర్నాటికి నిజంగానే తీసేశాడు. కొత్త చెయ్యి తగిలితే టాబ్లెట్ ఇప్పుడు ఏ పేరూ పలకడం లేదు. తప్పు సరిదిద్దారని ఝాన్సీ రాసేసి ఊరుకోవాల్సింది. కానీ నమూనా పేరే అయితే, ఇంట్లో ఎవరెవరున్నారన్న ఆరా దేనికి? ఆ ప్రశ్న చెప్పులో రాయిలా గుచ్చుతూనే ఉంది.

రెండు రోజులు పోయాక క్యాంటీన్‌లో ఆమెకి జవాబులో సగం దొరికింది. కూపన్లు ఇచ్చే మిషన్‌లో కూడా ఆనవాలు పెట్టారు. పెరుగన్నం కలుపుకున్న చెయ్యి కడుక్కోవడానికి బద్ధకించి, ఝాన్సీ ఎడమచేతి చిటికెన వేలుతో మిషన్ నొక్కింది. దూరంగా కిటికీ పక్క బల్ల దగ్గర ఫణీంద్ర వాచీ బుర్రుమంది. ఆయన చటుక్కున తలెత్తి హాలంతా చూశాడు. ఒక్కో మొహం, ముఖ్యంగా ఆడవాళ్ల మొహాలు, వెతుకుతున్నట్టు చూశాడు. ఝాన్సీ కాసేపాగి, గోడవైపు తిరిగి మళ్లీ అదే వేలుతో నొక్కింది. మళ్లీ వాచీ మోగింది. మళ్లీ ఆయన లేచి నిలబడి చూశాడు.

పేరు వినిపించడం ఆగిందంతే. పోల్చడం ఆగలేదు. పోల్చిన సంగతి ఇప్పుడు ఒక్క మనిషికే చేరుతోంది.

ఇంటికొచ్చి భర్త ఈశ్వర్‌కి చెప్పింది. అతను పాలిటెక్నిక్‌లో పాఠాలు చెబుతాడు. ఝాన్సీకి మేనత్త కొడుకు. ఏదైనా విని, ఒకసారి అటువైపు నుంచి కూడా ఆలోచించే అలవాటు అతనిది.

"ఆయనకేదో పిచ్చి ఆశ ఉండుంటుంది. పెళ్లాం బతికే ఉందనుకుంటున్నాడేమో. కుముద ఆవిడే అయ్యుండొచ్చు. వెతుక్కోడం తప్పేటి?"

"ఆవిడ పేరు నాకు తెలీదు బావా. మేమందరం ఫణీంద్ర గారి మిసెస్ అనే అంటాం. ఆవిడే అనుకో. మరి నాతో నోటికొచ్చిన పేరని ఎందుకన్నాడు?"

"మగాడు ఏడుపు దాచుకుంటాడు."

పైడమ్మ మంచం మీంచి మాట కలిపింది. "పోయిందో ఉందో తెలీకపోతే మొగుడన్నోడు ఊరంతా చెప్పుకుని ఏడుస్తాడు గానీ, దొంగలా ఎతుకుతాడేటి?"

ఝాన్సీకి రెండు మాటలూ నిజమేననిపించాయి. తను అనవసరంగా ఒక బాధపడే మనిషిని అనుమానిస్తోందేమోనని ఆ వారమంతా తనని తానే తిట్టుకుంది.

కొత్త వెర్షన్ విడుదలకి ముందు ఫణీంద్ర టీము మొత్తాన్ని ఇంటికి భోజనానికి పిలిచాడు. వంటవాళ్లని పెట్టించి గుత్తివంకాయ, పులిహోర, బొబ్బట్లు చేయించాడు. ఇల్లు అద్దంలా ఉంది. హాల్లో భార్య ఫోటో ఉంది. సన్నగా, కెమెరా వైపు కాక పక్కకి చూస్తున్న మనిషి. ఫోటోకి దండ లేదు, బొట్టు లేదు. ఫోటో కింద బల్ల మీద పాతకాలపు ఫోను ఒకటి ఛార్జింగ్‌లో పెట్టి ఉంది.

"ఆవిడదే" అన్నాడు ఫణీంద్ర, ఝాన్సీ చూపు గమనించి. "ఏళ్ల తరబడి ఇదే వాడింది. ఈ ఫోను మీద ఆవిడ వేలు పడిన ప్రతి గుర్తూ నా దగ్గర ఉందండీ. నిద్దట్లో చూపించినా ఆవిడ వేలు నేను గుర్తుపడతాను."

ప్రేమగానే అన్నాడు. విన్నవాళ్లు నిట్టూర్చారు. ఝాన్సీ మాత్రం ఆ ఫోను మీంచి చూపు తిప్పుకుంది.

మంచినీళ్లకని వంటింట్లోకి వెళ్లి స్టీలు గ్లాసు అందుకుంది. నీళ్లు తాగుతుంటే బొటనవేలికి గరుగ్గా ఏదో తగిలింది. గ్లాసు అంచు కింద, పెళ్లిళ్లలో ఇచ్చే సామానుకి చెక్కించినట్టు, చుక్కలు చుక్కలుగా పేరు చెక్కి ఉంది. కుముద.

గ్లాసు కడిగి బోర్లించి వెనక్కి వస్తుంటే పడకగది తలుపు కనిపించింది. తలుపుకి గడియ ఉంది. లోపలివైపు కాదు, బయటివైపు. గడియ కింద తలుపు మీద, గోళ్లు ఎంతకాలమో గీకినట్టు, రంగు లేచిపోయిన మచ్చ ఉంది. ఇల్లంతా కొత్తగా రంగు వేయించిన మనిషి ఆ తలుపుకి మాత్రం వేయించలేదు.

"ఏమైనా కావాలా ఝాన్సీ గారూ?" వెనకనుంచి ఫణీంద్ర గొంతు.

"ఏం లేదు సార్. మంచినీళ్లు తాగాను."

ఆయన ఆమెని చూశాడు, తలుపుని చూశాడు. "మా ఆవిడకి నిద్దట్లో నడిచే అలవాటుండేది" అన్నాడు. ఎవరూ అడక్కుండానే అన్నాడు.

మర్నాడు ఝాన్సీ డైరెక్టర్ గదిలో కూర్చుని తనకి తెలిసిందంతా చెప్పింది. ఆయన ఓపిగ్గానే విన్నాడు. పరాయి చెయ్యి ఒకటి లోపల ఉండటం పద్ధతి కాదన్నాడు. ఫణీంద్రతో మాట్లాడతానన్నాడు. మాట్లాడాడు కూడా. మధ్యాహ్నానికల్లా, "భార్య పోయిన మనిషమ్మా, ఇంటికి పిలిచి అన్నం పెడితే తలుపుల గడియలు లెక్కపెడతారా?" అని ఝాన్సీకే చివాట్లు పడ్డాయి. ఆ వారాంతంలోనే, తెలియని చెయ్యి దేనితోనూ సరిపోకుండా పోలికని గట్టిగా బిగించి, కొత్త వెర్షన్‌ని బయటికి పంపేశారు.

అది వెళ్లిన వేగం చూసి కంపెనీవాళ్లే ఆశ్చర్యపోయారు. బస్సుల్లో, సినిమాహాళ్లలో, మందుల షాపుల్లో ముట్టుకుంటే చాలు, సొంత ఫోనులో ఒకసారి చెయ్యి నేర్పిన జనాన్ని మిషన్లు పేరుపెట్టి పలకరించాయి. పైడమ్మ కళ్ల ఆసుపత్రిలో తెర ముట్టుకోగానే పాత చీటీలన్నీ వచ్చాయని సంబరపడింది. ఈశ్వర్ ఫోను మర్చిపోయి కాలేజీకి వెళ్లి, ప్యూన్ ఫోను మీదే రోజంతా గడిపాడు. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. ఝాన్సీ మాత్రం ఎక్కడ తెర కనిపించినా ముట్టుకోవడానికి జంకేది. తన పని తనకే అపనమ్మకంగా తయారైంది.

ఓ ఉదయం మీటింగ్ మధ్యలో ఫణీంద్ర వాచీ మోగింది. ఈసారి ఆయన తల తిప్పి ఎవర్నీ వెతకలేదు. వాచీకేసి చాలాసేపు చూశాడు. మొహంలోకి రక్తం పొంగింది. తర్వాత చాలా మర్యాదగా, "క్షమించాలి, కొంచెం పనుంది. అనంతగిరి దాకా వెళ్లాలి" అని లేచి వెళ్లిపోయాడు. అద్దాల కిటికీలోంచి ఆయన కారు గేటు దాటడం ఝాన్సీ చూసింది.

పరుగులాంటి నడకతో తన సీటు దగ్గరికి వచ్చింది. పొరపాట్లు వెతికే మనిషి కాబట్టి, ఆనవాలు ఎక్కడ ఏ చేతిని పోల్చుకుందో చూసే వీలు ఆమెకుంది. అనంతగిరి వైపు ఆ పొద్దున పేరు లేకుండా తగిలిన చెయ్యి ఒక్కటే. కొండ మీద కాఫీ పొడి అమ్మే మహిళా సంఘం దుకాణం, అక్కడి బిల్లు మిషన్. దుకాణం ఫోను నంబరు మిషన్ వివరాల్లోనే ఉంది.

పోలీసులకి చెబుదామా అనుకుంది. ఏమని చెప్పాలి? భర్త భార్యని చూడ్డానికి కారేసుకుని వెళ్తున్నాడనా?

తన మొబైల్ నుంచి దుకాణానికే ఫోను చేసింది. ఒక ఆడగొంతు పలికింది.

"అమ్మా, కుముద గారున్నారా?"

"ఆ పేరు గలవాళ్లు ఇక్కడెవరూ లేరండి."

"పొద్దున మీ బిల్లు మిషన్ కొత్తగా మారిందా?"

"మారింది. రాత్రే ఎవరో మార్చారట. మీరెవరు?"

"నా పేరు ఝాన్సీ. ఫణీంద్ర గారి ఆఫీసులో పనిచేస్తాను. ఆయన చెబితే ఫోను చెయ్యలేదు. ఆయన అటే బయల్దేరాడు."

వెనకాల ఎవరో కాఫీ గింజలు దోరగా వేగాయా అని అడుగుతున్నారు. తర్వాత అదే గొంతు, కానీ వేరే మనిషిలా, లోగొంతుకతో అడిగింది. "ఎంతసేపయింది?"

"ఇప్పుడే. ఇంకా ఊరు దాటి ఉండడు."

"మిమ్మల్ని నమ్మొచ్చా లేదా తెలీదు. ఇదీ ఆయన ఆటే కావచ్చు."

"నమ్మక్కర్లేదండీ. అక్కణ్ణుంచి వెళ్లిపొండి, చాలు." ఝాన్సీ అడగకూడదనుకుంటూనే అడిగింది. "ఆయన మిమ్మల్ని కొట్టేవాడా?"

"చెయ్యెత్తిన మనిషి కాదండీ. అందుకే నా మాట ఎవరూ వినలేదు, మా అమ్మతో సహా. ఆఫీసుకెళ్తూ గడియ పెట్టేవాడు. సాయంత్రం వచ్చి, ఇవాళ ఏ గిన్నె తీశావు, ఏ కిటికీ ముట్టుకున్నావు అని అడిగేవాడు. ఆయనకి ముందే తెలుసు. నేను నిజం చెబుతున్నానా లేదా అని చూడ్డానికి అడిగేవాడు. ఒకరోజు బీచికి తీసుకెళ్లాడు. చెప్పులు ఒడ్డున వదిలేసి, జనంలో పడి వచ్చేశాను. సముద్రంలో పోయాననుకుంటే చాలనుకున్నాను."

"ఇప్పుడు వెంటనే బస్సెక్కండి."

"బస్సెక్కితే టికెట్ మిషన్ ముట్టుకోవాలి. దిగిన ఊళ్లో మందు బిళ్ల కొనాలన్నా, తినాలన్నా ముట్టుకోవాలి. ముట్టుకుంటే ఆయనకి తెలుస్తుంది. ఇది మీరు చేసిన మిషనే కదమ్మా. చెప్పండి, ఎక్కడికెళ్లను?"

"కొంచెంసేపు దేన్నీ ముట్టుకోకండి" అని మాత్రం అంది ఝాన్సీ.

బహుముఖిలోంచి ఆ చేతిని తీసెయ్యడం ఆమె వల్ల కాదు. పునాది తాళాలు ఫణీంద్ర దగ్గరే ఉన్నాయి. కానీ ఒక చెయ్యి ఇంకో చేతికి ఎంత దగ్గరగా ఉంటే ఇద్దరూ ఒకరే అనుకోవాలన్న హద్దు ఉంటుంది. ఆ హద్దు సరిచూడటం పరీక్షించేవాళ్ల పని. పొరపాటు దొరికితే అప్పటికప్పుడు మార్చి అన్ని మిషన్లకీ పంపే అధికారం ఆమెకుంది. ఇంతవరకూ వెంట్రుకవాసి తప్ప మార్చింది లేదు.

హద్దు పూర్తిగా ఎత్తేస్తే ఏమవుతుందో ఆమెకి తెలుసు. తగిలిన ప్రతి చెయ్యీ వరసలో మొట్టమొదటి చేతితో సరిపోతుంది. ఆ మొదటి చెయ్యి కుముదది, ఆ పేరు పలక్కుండా ఫణీంద్ర వేసిన అడ్డు కూడా హద్దుతోపాటే లేచిపోతుంది. రాష్ట్రం నిండా మిషన్లు మనుషుల్ని మర్చిపోతాయి. క్యూలు నిలిచిపోతాయి, ఎవరి పనో ఆగిపోతుంది, ఎవరో ముసలాయన మందుల చీటీ తెరుచుకోక తిట్టుకుంటాడు. తన ఉద్యోగం పోతుంది. ఇక ఏ కంపెనీ తనని గడప తొక్కనివ్వదు.

ఈశ్వర్‌కి ఫోను చేద్దామనుకుని, వద్దనుకుంది. అడిగితే అటువైపు నుంచి కూడా ఆలోచిస్తాడు. హద్దు ఎత్తేసి, పంపేసింది.

మొదట ల్యాబ్‌లోనే మొదలైంది. ఎవరి ఫోను వాళ్లు తీస్తే కుముద గారూ నమస్కారం అన్నాయి. అందరూ నవ్వారు. తర్వాత ల్యాండ్‌లైన్లు మోగడం మొదలుపెట్టాయి. బస్సు డిపో నుంచి, ఆసుపత్రి నుంచి, సినిమాహాలు నుంచి. కండక్టర్లు, కాలేజీ పిల్లలు, పోలీసులు, పూజారులు, అందరూ కుముదలే. నవ్వులు ఆగిపోయాయి. డైరెక్టర్ గదిలోంచి కేకలు వినిపించాయి.

ఝాన్సీ మొబైల్ మోగింది. ఫణీంద్ర.

"ఝాన్సీ గారూ, వాచీ ఆగకుండా మోగుతోంది." ఆయన గొంతు ఎప్పట్లాగే నెమ్మదిగా ఉంది. ఘాట్ రోడ్డు మీద కారు పక్కకి ఆపినట్టుంది, లారీల హారన్లు వినిపిస్తున్నాయి. "శ్రీకాకుళంలో ఉందంటోంది, కర్నూలులో ఉందంటోంది. మీ పనేనా?"

"నా పనే సార్."

"ఆవిడకి లోకం తెలీదండీ. నేను లేకపోతే ఆవిడ బతకలేదు."

"ఇన్నేళ్లూ బతికింది కద సార్."

వాచీ మోత ఫోనులోంచి వినిపిస్తూనే ఉంది. "మా ఇంట్లో మీరు ఏ గ్లాసుతో తాగారో నాకు తెలుసు" అన్నాడు. "ఆరోజు మీరు కడిగి బోర్లించారు. కడగక్కర్లేదని చెప్పాల్సింది." ఫోను పెట్టేశాడు.

ఝాన్సీ లేచి డైరెక్టర్ గదివైపు నడిచింది.

ఆ సాయంత్రానికి కంపెనీ ఆనవాలుని వెనక్కి తీసుకుంది. సాంకేతిక కారణాల వల్ల అని ప్రకటించారు. ఝాన్సీ ఉద్యోగం వెంటనే పోయింది. విచారణలో ఆమె, ముందు డైరెక్టర్‌కి చెప్పినదంతా మళ్లీ చెప్పింది. ఈసారి విన్నారు, ఎందుకంటే ఇప్పుడు నష్టపోయింది వాళ్లు. పునాదిలో చెయ్యి దొరికింది. ఫణీంద్రని పంపేశారు. అయితే ఆయన ఇంట్లో ఫోటో కింద ఛార్జింగ్‌లో ఉన్న ఫోను జోలికి ఎవరూ వెళ్లలేదు. అది ఆయన సొంత వస్తువన్నారు. ఆయన వేరే ఊళ్లో వేరే కంపెనీలో చేరాడని కొందరు, సొంతంగా ఏదో తయారుచేస్తున్నాడని కొందరు అన్నారు. ఏది నిజమో ఝాన్సీకి తెలియలేదు. కొత్తగా ఏ ఆప్ వచ్చినా వెంటనే పెట్టుకోవడం ఝాన్సీ ఇంట్లో మానేశారు.

ఈశ్వర్ మొదట్లో కొన్నాళ్లు ముభావంగా ఉన్నాడు. తనకి చెప్పకుండా చేసిందని అతని బాధ. "చెప్పుంటే నేనేటనేవాణ్ణో నాకే తెలీదు. అదీ నిజమే" అని తర్వాత తనే అన్నాడు. పైడమ్మ టాబ్లెట్‌ని గోడ నుంచి ఊడదీయించి, ఆ మేకుకి క్యాలెండరు తగిలించింది.

వర్షాకాలం వెళ్లాక ఓ మధ్యాహ్నం, తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది.

"ఝాన్సీ గారేనా అండీ?"

ఆ గొంతుని ఝాన్సీ వెంటనే గుర్తుపట్టింది. పేరు మాత్రం పలకలేదు.

"నేనేనండీ. బాగున్నారా?"

"బాగున్నాను. పని దొరికింది. గదికి గడియ లోపలివైపుంది." ఆమె చిన్నగా నవ్వింది. తర్వాత కాస్త తటపటాయించి, "మీకు చెప్పకపోతే ఇంకెవరికి చెప్పను. ఎక్కడున్నానంటే..."

"వద్దండీ" అంది ఝాన్సీ. "నాక్కూడా చెప్పకండి."

ఇంతలో అవతల దూరంగా రైలు కూత, ఆ వెనకే స్టేషన్ పేరేదో చెబుతున్న మైకు గొంతు వినిపించాయి. ఏ ఊరో పోల్చుకుందామని చెవి తనంతట తానే సాగింది. ఝాన్సీ ఫోనుని చెవి నుంచి దూరంగా జరిపి, ఆ మైకు ఆగేదాకా అలాగే పట్టుకుంది.